వాళ్ళ పన్ను కడుతున్నది ఎవరు? విత్‌హోల్డింగ్ టాక్స్ తగ్గింపు మీద ఒక ఆడిటర్ జవాబు

చీపురుపల్లి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. ఆయన ఎఫ్‌డీ వడ్డీలో బ్యాంకువాళ్ళు 10 శాతం కోసేశారు. దుబాయ్‌లో పనిచేసే మా బావ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) అయితే ఏకంగా 31.2 శాతం పోయింది. ఇక్కడ మనకిలా ఉంటే, విదేశీ బ్యాంకులకీ ఫండ్లకీ ఈ కోత మళ్ళీ 5 శాతానికి తగ్గిస్తే మన ఫైనాన్స్ రంగానికి బోలెడు పెట్టుబడి వస్తుందని కొందరు వాదిస్తున్నారు. ఇదెక్కడి న్యాయం? పోనీ తగ్గిస్తే నిజంగా వస్తుందా?"

విజయనగరంలో కోట దగ్గర చిన్న ఆఫీసు పెట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆడిట్, టాక్స్ పనే చేస్తున్నాను. ముంబైలో పెద్ద ఫండ్లకు సలహాలిచ్చేవాణ్ణి కాదు. కానీ పలాస జీడి వ్యాపారుల దగ్గర్నుంచి గల్ఫ్‌లో ఉన్న ఉద్దానం కుర్రాళ్ళ దాకా, విదేశానికి డబ్బు పంపేవాళ్ళూ అక్కణ్ణుంచి తెచ్చుకునేవాళ్ళూ నా దగ్గరికి వస్తూనే ఉంటారు. కాబట్టి ఈ కోత, అంటే డబ్బు చెల్లించేవాడే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే విత్‌హోల్డింగ్ టాక్స్, ఎవరి జేబులోంచి పోతుందో దగ్గర్నుంచి చూశాను. నా సమాధానం మొదటే చెప్పేస్తాను. అప్పు రూపంలో వచ్చే డబ్బుకి ఈ రేటు తగ్గింపు పనిచేస్తుంది. వాటా రూపంలో వచ్చే డబ్బుకి పెద్దగా పనిచేయదు. పైగా అప్పు విషయంలో మనం "వాళ్ళ పన్ను" అనుకుంటున్నదాన్ని చాలాసార్లు కడుతున్నది మనవాళ్ళే.

ముందు మీరు ఒకే గాటన కట్టిన మూడు కోతల్ని విడదీయాలి. మీ నాన్నగారికి కోసిన 10 శాతం అడ్వాన్సు లాంటిది. సంవత్సరం చివర ఆయన మొత్తం ఆదాయం లెక్కేసి, స్లాబు ప్రకారం పన్ను తక్కువైతే మిగతాది వెనక్కి వస్తుంది, ఎక్కువైతే ఇంకొంచెం కడతారు. మీ బావగారి 31.2 శాతం కూడా అంతే, చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అది ఆఖరి పన్ను కాదు. దాని సంగతి చివర్లో చెబుతాను. విదేశీ బ్యాంకుకో ఫండుకో వడ్డీ మీద కోసేది మాత్రం చాలావరకు అదే మొదలు, అదే చివర. వాళ్ళు ఇక్కడ ఖర్చులు చూపించుకోలేరు. వచ్చిన వడ్డీ మొత్తం మీద కోత పడుతుంది, అక్కడితో సరి.

ఆ "మొత్తం మీద" అన్న మాట దగ్గరే అసలు కిటుకంతా ఉంది. పలాసలో జీడి పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. ఒక వ్యాపారి బస్తా 12,000కి కొని, ఖర్చులన్నీ అందులోనే ఉన్నాయనుకుని, పప్పు తీసి 12,600కి అమ్మాడనుకోండి. మిగిలింది 600. ఆ 600 మీద 30 శాతం పన్నంటే 180, కడతాడు. అలాకాకుండా అమ్మకం మొత్తం మీద 5 శాతం అన్నామంటే 630 అవుతుంది. లాభం 600, పన్ను 630! రేటు చూస్తే 30 కంటే 5 చిన్నది. కానీ దేని మీద వేస్తున్నామన్నది మారేసరికి వ్యాపారమే మూతపడుతుంది.

బ్యాంకు వ్యాపారమూ అచ్చం ఇదే. డబ్బు దాని సరుకు. విదేశీ బ్యాంకు 7 శాతానికి డబ్బు తెచ్చుకుని మన కంపెనీకి 8 శాతానికి ఇస్తే దానికి మిగిలేది ఒక్క శాతం. మనం 8 మీద 20 శాతం కోస్తే 1.6 పోతుంది. లాభం కన్నా పన్నే ఎక్కువ. వాళ్ళ దేశంలో ఈ పన్నుకి క్రెడిట్ ఇస్తారు కదా, అంటే ఇక్కడ పోయినదాన్ని అక్కడి పన్నులోంచి తగ్గిస్తారు కదా అంటారేమో. ఇస్తారు, కానీ సాధారణంగా అక్కడ ఆ లాభం మీద పడే పన్ను మేరకే. లాభం ఒక్క శాతం, అక్కడి పన్ను 25 శాతం అనుకుంటే క్రెడిట్ పావు శాతం. మిగిలిన 1.35 గాల్లో కలిసిపోయినట్టే. ఫ్యాక్టరీ పెట్టేవాడికో, సాఫ్ట్‌వేర్ కంపెనీకో ఈ బాధ ఇంతగా ఉండదు. మార్జిన్ సన్నగా ఉండే ఫైనాన్స్ రంగానికే ఈ కోత ప్రాణాంతకం. ఆ రంగంవాళ్ళే ఎక్కువగా గోల చేయడానికి కారణం ఇదే తప్ప వాళ్ళేదో అత్యాశాపరులని కాదు. (అత్యాశాపరులు లేరని కూడా అనను.)

మరి విదేశీ బ్యాంకు నష్టానికి అప్పిస్తుందా? ఇవ్వదు. అగ్రిమెంటులో ఒక వాక్యం రాసుకుంటుంది: "మీ దేశంలో ఏ పన్నులున్నా మాకు సంబంధం లేదు, మా చేతికి పూర్తి వడ్డీ రావాలి." దీన్నే మా భాషలో గ్రాస్ అప్ అంటాం. ఈ వాక్యం విలువేంటో నేను పుస్తకంలో చదివి కాదు, తలవాచేలా తెలుసుకున్నాను.

2019లో పలాస నుంచి నా క్లయింటు ఒకాయన విదేశం నుంచి జీడి ప్రాసెసింగ్ మెషీన్లు తెప్పించుకున్నారు. డబ్బు మూడేళ్ళ వాయిదాల్లో, డాలర్లలో, వడ్డీతో కట్టాలి. ఇన్‌వాయిసు నాకు చూపించారు, బాగానే ఉందన్నాను. అగ్రిమెంటు పదకొండో పేజీ మాత్రం నేను చదవలేదు. తప్పు నాదే. మొదటి వాయిదా వడ్డీ దాదాపు 10 లక్షలు. పంపబోతుంటే బ్యాంకు 15సీఏ, 15సీబీ అనే పన్ను ఫారాలు అడిగింది. అప్పుడు కూర్చుని చదివితే ఆ వాక్యం కనబడింది. ఆ దేశంతో మనకున్న పన్ను ఒప్పందం ప్రకారం రేటు 10 శాతమే, కానీ ఆ రేటు కావాలంటే అవతలివాళ్ళు తమ దేశపు రెసిడెన్సీ సర్టిఫికెట్, అంటే టీఆర్‌సీ, పంపాలి. మెయిల్ మీద మెయిల్ పెట్టాం. ఆరు వారాలు గడిచినా రాలేదు. వాయిదా తేదీ దాటితే పెనాల్టీ. ఇక చేసేది లేక మన చట్టం రేటుకే వెళ్ళాం: 20 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 20.8.

లెక్క ఇక్కడే తిరగబడుతుంది. 10 లక్షల మీద 20.8 అంటే 2,08,000 అనుకుంటారు. కాదు. వాళ్ళ చేతికి 10 లక్షలు పూర్తిగా చేరాలి కాబట్టి, కోత పోగా 10 లక్షలు మిగిలేలా వడ్డీని పెంచి చూపాలి. అలా చేస్తే వడ్డీ 12,62,626 అయింది, పన్ను 2,62,626. ఆ డబ్బు కట్టింది మా పలాస ఆయన. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, చలానా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అప్పు మనదే బాబూ, కాదన్ను. ఆళ్ళ పన్ను కూడా మనమే కట్టాల?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది ఆయన దగ్గర ఫీజు తీసుకోలేదు.

రెండో ఏడు టీఆర్‌సీ ముందే తెప్పించాం. 10 శాతం రేటుకి, సెస్సు లేకుండా, అదే 10 లక్షల వడ్డీ అనుకుంటే పన్ను 1,11,111 అవుతుంది. చట్టంలోని 5 శాతం రాయితీ రేటు ఆ అప్పుకి వర్తించి ఉంటే, సెస్సుతో కలిపి 5.2, పన్ను 54,852 మాత్రమే అయ్యేది. మూడు లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూడండి: రెండున్నర లక్షల పైచిలుకు, లక్షా పదకొండు వేలు, యాభై ఐదు వేలు. మెషీన్ అమ్మినవాడికి మూడు సందర్భాల్లోనూ వచ్చేది అదే 10 లక్షలు. తేడా అంతా మనవాడిదే.

దీన్నే పెద్ద సైజులో చూద్దాం. ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, విదేశం నుంచి 100 కోట్లు అప్పు తెచ్చింది, అవతలివాడికి చేతికి 8 శాతం కావాలి. సర్‌చార్జీ పక్కన పెడితే, 5.2 కోతతో ఆ అప్పు మన కంపెనీకి 8.44 శాతానికి పడుతుంది. 20.8 కోతతో 10.10 శాతానికి. ఏడాదికి కోటీ 66 లక్షల తేడా. ఆ కంపెనీ దాన్ని తన జేబులోంచి పెట్టుకుంటుందా? పాలకొండలో ట్రాక్టరు లోను తీసుకునే రైతు దగ్గరో, సాలూరులో లారీకి ఫైనాన్స్ తీసుకునే ఓనరు దగ్గరో రాబట్టుకుంటుంది. సాలూరు లారీల ఊరని మీకు తెలిసిందే కదా. కాబట్టి "విదేశీవాళ్ళకు రాయితీ ఎందుకు" అన్న మీ ప్రశ్నకు నా మొదటి జవాబు: పేరు వాళ్ళది, అప్పు విషయంలో లాభం చాలావరకు మనది.

అయితే ఇక్కడ ఒక బ్రేకు వేయాలి. 20.8 పూర్తిగా పడేది ఒప్పందం రేటు దొరకనివాళ్ళకే. చాలా దేశాల బ్యాంకులకు ఒప్పందం ప్రకారం 10 శాతమే. సింగపూర్, అమెరికా ఒప్పందాల్లో వడ్డీ మీద మామూలు రేటు 15 అయినా బ్యాంకు ఇచ్చిన అప్పుకి 10. మారిషస్ అయితే 7.5. 10 శాతం లెక్కన మన ఎన్‌బీఎఫ్‌సీకి అప్పు 8.89కి పడుతుంది. అంటే 5కి తగ్గిస్తే నిజంగా మిగిలేది అర శాతం లోపు. రూపాయి పడిపోతే నష్టపోకుండా కట్టే హెడ్జింగ్ ఖర్చు చాలాసార్లు దీన్ని మించిపోతుంది. టీవీలో 20 నుంచి 5 అని చెప్పేవాళ్ళు ఈ మధ్యలో ఉన్న మెట్టు గురించి మాట్లాడరు.

ఇక తగ్గిస్తే వస్తుందా అన్న ప్రశ్నకు చరిత్రలో రెండు వైపులా సాక్ష్యాలున్నాయి. 1984కి ముందు అమెరికా విదేశీయులకిచ్చే వడ్డీ మీద 30 శాతం కోసేది. దాన్ని తప్పించుకోడానికి అక్కడి కంపెనీలు కరీబియన్ సముద్రంలోని నెదర్లాండ్స్ యాంటిలిస్ దీవుల్లో ఒక కాగితపు కంపెనీ పెట్టి దాని పేరు మీద అప్పు తెచ్చేవి. 1984లో ఆ వడ్డీ మీద కోత ఎత్తేశారు, దీవులతో పని లేకపోయింది. జర్మనీ దీనికి తలకిందులు. 1989 జనవరిలో వడ్డీ మీద 10 శాతం కోత పెట్టింది. డబ్బు పొరుగున ఉన్న లక్సెంబర్గుకి కదిలిపోవడం చూసి అదే ఏడాది జూలైలో ఎత్తేసింది. ఆరు నెలల ముచ్చట. పది శాతమే కదా అనుకున్నారు పాపం.

మన దేశం కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. 2012లో కంపెనీలు తెచ్చే విదేశీ కరెన్సీ అప్పులకీ, 2013లో విదేశీ ఫండ్లు కొనే రూపాయి బాండ్లకీ, ప్రభుత్వ బాండ్లకీ 5 శాతం రేటు తెచ్చారు. పాత చట్టంలో 194ఎల్‌సీ, 194ఎల్‌డీ అనేవి ఇవే. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్, ఫారం నంబర్లన్నీ మారాయి. మా నోళ్ళలో మాత్రం ఇంకా పాతవే నలుగుతున్నాయి, మన్నించండి.) రెండూ 2023 జూలై 1తో ఆగిపోయాయి. కానీ ఆగిన తీరులో తేడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మొదటిదానిలో అప్పు తెచ్చిన తేదీ ముఖ్యం. గడువులోపు తెచ్చిన అప్పుకి తర్వాత కట్టే వడ్డీ మీద కూడా 5 శాతమే. రెండోదానిలో వడ్డీ చెల్లించే తేదీ ముఖ్యం. అంటే 2019లో పదేళ్ళ బాండు కొన్న ఫండుకి, 2023 జూలై రాగానే అదే బాండు మీద రేటు 5 నుంచి 20కో ఒప్పందం రేటుకో ఎగిరింది. బాండు పదేళ్ళు, రాయితీ రెండేళ్ళకోసారి, మూడేళ్ళకోసారి పొడిగింపు. 2015లో, 2017లో, 2020లో ప్రతిసారీ "ఈసారి పొడిగిస్తారా లేదా" అని టెన్షన్. అలాంటి రాయితీని నమ్ముకుని ఎవడు ధర తగ్గిస్తాడు? రేపు పోతుందేమో అన్న భయాన్ని కూడా వడ్డీలో కలిపేసుకుంటాడు. ఇచ్చిన రాయితీలో సగం అలా ఆవిరవుతుంది.

తమాషా ఏమిటంటే, ఆ రాయితీ పోయి మూడు నెలలు తిరక్కుండానే, 2023 సెప్టెంబరులో, మన ప్రభుత్వ బాండ్లను తన బాండ్ల సూచీలో చేరుస్తానని జేపీ మోర్గాన్ ప్రకటించింది. 2024 జూన్ నుంచి 2025 మార్చి దాకా నెలకొక శాతం చొప్పున 10 శాతం వెయిటేజీ ఇచ్చింది. ఆ సూచీని అనుసరించే ఫండ్లు మన బాండ్లు కొనక తప్పదు. పన్ను రాయితీ ఉన్నప్పుడు కుదరని పని, అది పోయాక కుదిరింది. దీనర్థం రేటుతో పనిలేదని కాదు. తలుపు తెరిచి ఉందా, కొన్నది ఎప్పుడైనా అమ్ముకోవచ్చా, నిబంధనలు నిలకడగా ఉన్నాయా అన్నవి ముందు, రేటు వాటి తర్వాత.

ఆస్ట్రేలియా కూడా ఇదే దారిలో ఒకసారి కాలు పెట్టి వెనక్కి తీసుకుంది. తమ దేశాన్ని ఫండ్ మేనేజ్‌మెంటుకి కేంద్రంగా చేయాలని, మేనేజ్డ్ ఫండ్లు విదేశీయులకు పంచే ఆదాయం మీద 30 శాతంగా ఉన్న కోతను 2008 నుంచి మూడు మెట్లలో 22.5, 15, 7.5 శాతానికి దించారు. 7.5కి దిగిన రెండేళ్ళకే, 2012లో, మళ్ళీ 15కి పెంచారు. 30తో పోలిస్తే 15 ఇప్పటికీ సగమే. కానీ 7.5 అని నమ్మి ముప్పై ఏళ్ళ భవనంలో డబ్బు పెట్టినవాడి లెక్కలో అది రెట్టింపు.

వాటా రూపంలో వచ్చే పెట్టుబడి సంగతి వేరని మొదట్లో అన్నాను. బ్యాంకులో వాటా కొనేవాడు డివిడెండు కోసం రాడు, పదేళ్ళ తర్వాత వాటా విలువ కోసం వస్తాడు. కాబట్టి డివిడెండు మీద కోత 20 అయినా 10 అయినా అతని నిర్ణయం పెద్దగా మారదు. 2025లో జరిగినవి చూడండి. జపాన్‌కి చెందిన ఎస్‌ఎంబీసీ యెస్ బ్యాంకులో 20 శాతానికి పైగా వాటా కొంది. దుబాయ్ బ్యాంకు ఎమిరేట్స్ ఎన్‌బీడీ ఆర్‌బీఎల్ బ్యాంకులో 60 శాతం తీసుకుంటానంది. లారీలవాళ్ళందరికీ తెలిసిన శ్రీరామ్ ఫైనాన్స్‌లో 20 శాతానికి జపాన్ బ్యాంకు ఎంయూఎఫ్‌జీ 39 వేల కోట్లకు పైగా పెడతానని ఒప్పుకుంది. వీళ్ళెవరి కోసమూ మనం విత్‌హోల్డింగ్ తగ్గించలేదు. బీమాలో కూడా అంతే. 2000లో 26 శాతం, 2015లో 49, 2021లో 74, ఆ తర్వాత 100 అని పరిమితి పెంచుకుంటూ పోయాం, అడ్డుగోడ అదే కాబట్టి.

మన దగ్గరి ఉదాహరణే కావాలంటే రాజాం జీఎంఆర్ గారి కథ ఉంది. వైశ్యా బ్యాంకులో ఆయనకు పెద్ద వాటా ఉండేది. దాన్ని డచ్చి సంస్థ ఐఎన్‌జీకి అమ్మి ఆ డబ్బుతో మౌలిక వసతుల వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. 2002లో ఐఎన్‌జీ వైశ్యా అయిన ఆ బ్యాంకు 2015లో కోటక్‌లో కలిసింది. విదేశీ కంపెనీ వచ్చింది, పదమూడేళ్ళుంది, వెళ్ళింది. ఆ మధ్యలో ఎవరూ డివిడెండు మీద కోత గురించి తల బాదుకున్నట్టు నేను వినలేదు.

వాటాదారులకు నిజంగా మేలు చేసింది రేటు తగ్గింపు కాదు, పద్ధతి మార్పు. 2020 దాకా డివిడెండు పన్ను కంపెనీయే కట్టేది, సర్‌చార్జీ, సెస్సు కలిపితే 20.56 శాతం అయ్యేది. అది కంపెనీ కట్టిన పన్ను కాబట్టి విదేశీ వాటాదారుకి తన దేశంలో క్రెడిట్ దొరకడం కష్టమయ్యేది. 2020 ఏప్రిల్ నుంచి దాన్ని తీసేసి వాటాదారు పేరు మీదే కోయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒప్పందం రేటూ వర్తిస్తుంది, క్రెడిటూ వస్తుంది.

వాటా కొనేవాడికి అసలు భయం బయటికి వెళ్ళేటప్పుడు. వొడాఫోన్ కేసు గుర్తుందా? అందరూ దాన్ని క్యాపిటల్ గెయిన్స్ కేసు అంటారు గానీ, నోటీసు వచ్చింది కొన్నవాడికి, "అమ్మినవాడికి డబ్బిచ్చేటప్పుడు పన్ను ఎందుకు కోయలేదు" అని. అంటే అది విత్‌హోల్డింగ్ కేసే. 2007లో హచ్ వ్యాపారం కొన్నందుకు 11 వేల కోట్లకు పైగా డిమాండు. 2012 జనవరిలో సుప్రీంకోర్టులో కంపెనీ గెలిచింది. అదే ఏడాది చట్టాన్ని 1962 నుంచి వర్తించేలా మార్చారు. 2020లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో మనం ఓడాం, 2021లో పార్లమెంటు ఆ పాత డిమాండ్లను ఉపసంహరించుకునే చట్టం చేసింది. ఆ తొమ్మిదేళ్ళలో పోయిన నమ్మకాన్ని ఎన్ని శాతాలు తగ్గించి తిరిగి తెచ్చుకోగలం?

విదేశాలకు చెల్లించే డబ్బులో పన్ను కోయమనే పాత సెక్షన్ 195 చరిత్రలో మన రాష్ట్రం పేరు కూడా ఉంది. 1999లో ఏపీ ట్రాన్స్‌కో కేసులో సుప్రీంకోర్టు, విదేశీ కంపెనీకి ఇచ్చే మొత్తంలో కొంతే ఆదాయమైనా, ఆఫీసరు దగ్గర ముందు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం మీద కోయాల్సిందేనంది. 2010లో జీఈ కేసులో, అసలు ఇక్కడ పన్ను పడని డబ్బు మీద కోయక్కర్లేదని స్పష్టం చేసింది. మా పనంతా ఈ రెండు తీర్పుల మధ్య సందులోనే నడుస్తుంది. కోయకపోతే నెలకు ఒక శాతం వడ్డీ, పైగా ఆ ఖర్చునే లెక్కలోంచి కొట్టేస్తారు. అందుకే చిన్న ఊళ్ళలో ఆడిటర్లు అనుమానం ఉంటే కోసేయమనే చెబుతారు. నేనూ చెబుతాను. ఎవరి భయం వాళ్ళది.

రేటు తగ్గించడంలో ప్రమాదాలు లేవా అంటే ఉన్నాయి. విదేశీ కంపెనీకి ఇక్కడ సొంత ఫైనాన్స్ కంపెనీ ఉందనుకోండి. మూలధనంగా పెట్టాల్సిన డబ్బుని అప్పుగా ఇస్తుంది. ఇక్కడి కంపెనీ ఆ వడ్డీని ఖర్చు రాసుకుని 25 శాతం పన్ను ఆదా చేస్తుంది, అక్కడికి వెళ్ళే వడ్డీ మీద 5 శాతం కడుతుంది. ఇరవై శాతం మన ఖజానాకి టోపీ. దీన్ని ఆపడానికే 2017లో సెక్షన్ 94బీ తెచ్చి, ఇలాంటి వడ్డీని వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు లాభంలో 30 శాతానికి కట్టడి చేశారు. బ్యాంకులకీ బీమా కంపెనీలకీ అది వర్తించదు. ఇంకొకటి, అవతలి దేశం మన కోతకి పూర్తి క్రెడిట్ ఇచ్చే చోట మనం తగ్గిస్తే పెట్టుబడిదారుకి ఒరిగేదేమీ లేదు. మనం వదిలినది వాళ్ళ ప్రభుత్వం వసూలు చేసుకుంటుంది. పెన్షన్ ఫండ్లు, సార్వభౌమ నిధులు (ప్రభుత్వాల సొంత పెట్టుబడి నిధులు) సాధారణంగా తమ దేశంలో పన్నే కట్టవు కాబట్టి మన కోత వాళ్ళకు నికర నష్టం. వాళ్ళకు మాత్రం తగ్గింపు నిజంగా తగులుతుంది. 2020లో ఇలాంటి నిధులు మౌలిక వసతుల్లో పెట్టే డబ్బుకి వడ్డీ, డివిడెండు, దీర్ఘకాలిక లాభాల మీద పూర్తి మినహాయింపు ఇచ్చారు, ఇప్పుడది 2030 మార్చి దాకా ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో తెలివిగా గురిపెట్టిన రాయితీ ఇదొక్కటే.

నన్నడిగితే 5 శాతాన్ని మళ్ళీ తేవచ్చు, కానీ ఐదేళ్ళు దాటిన అప్పులకీ బాండ్లకీ మాత్రమే. సొంత గ్రూపు కంపెనీ ఇచ్చే అప్పుకి వద్దు. బాండు పుట్టిన రోజున ఉన్న రేటు దాని గడువు తీరేదాకా ఉంటుందని చట్టంలోనే రాయాలి, 194ఎల్‌సీలో ఉన్నట్టు. టీఆర్‌సీ లాంటి కాగితాల కోసం మా పలాస ఆయనలా ఆరు వారాలు గుమ్మం దగ్గర కాచుకునే పని లేకుండా చూడాలి. డివిడెండు రేటు ఎక్కడుందో అక్కడే ఉండనివ్వచ్చు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నాన్నగారు సీనియర్ సిటిజన్ అయితే 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే కోస్తారు. మొత్తం ఆదాయం మీద పన్నే పడకపోతే ఏడాది మొదట్లోనే, కోయొద్దని చెప్పే పాత 15హెచ్ ఫారం (ఇప్పుడు నంబరు మారింది) ఇచ్చేయమనండి. కోసేసింది రిటర్నులో వస్తుంది.

మీ బావగారు కొత్తగా పంపే జీతం ఎన్‌ఆర్‌ఓలో వేస్తున్నారేమో చూడండి. అది ఎన్‌ఆర్‌ఈలో, అంటే విదేశీ సంపాదన వేసుకునే ఖాతాలో, వేస్తే వడ్డీ మీద ఇక్కడ పన్నే లేదు. ఊళ్ళో ఇంటద్దె, పంట డబ్బు లాంటివి మాత్రం ఎన్‌ఆర్‌ఓలోకే వెళ్ళాలి. ఆ ఖాతా వడ్డీకి యూఏఈతో ఒప్పందం రేటు 12.5 శాతం. అక్కడి టీఆర్‌సీ, పాత ఫారం 10ఎఫ్ (దీని నంబరూ మారింది), పాన్ బ్యాంకుకి ఇస్తే 31.2 బదులు అంతే కోస్తారు. కానీ వడ్డీ ఏడాదికి 60,000 లాంటి మొత్తమే అయితే టీఆర్‌సీ ఫీజు, తిప్పలు దండగ. కోసింది 18,720. ఇండియాలో ఆయనకున్న మొత్తం ఆదాయం కొత్త పద్ధతిలో 4 లక్షలు దాటకపోతే రిటర్ను వేయగానే ఆ 18,720 పూర్తిగా వెనక్కి వస్తుంది. 4 లక్షలు దాటితే మాత్రం, తక్కువ ఆదాయానికి పన్ను మాఫీ చేసే పాత 87ఏ రిబేటు ఎన్‌ఆర్‌ఐలకు లేదు కాబట్టి, ఒప్పందం రేటు, స్లాబు రెండూ లెక్కేసి చూసుకోవాలి. కోయొద్దని చెప్పే పాత 15జీ లాంటి ఫారం మాత్రం ఇవ్వకండి, ఎన్‌ఆర్‌ఐ ఇస్తే చెల్లదు. రిఫండు పడాల్సిన ఖాతాని పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసి పెట్టుకోమనండి. పాత ఊరి బ్రాంచి విలీనమై ఐఎఫ్‌ఎస్‌సీ కోడు మారిపోయి, డబ్బు వెనక్కి వెళ్ళిపోయిన కేసులు ఈ ఏడాదే నా దగ్గరికి నాలుగొచ్చాయి.